పొగను అరిగించుకునే ఒళ్ళు

ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ మేడమ్ అంటారు. అన్నయ్య ఒక్కడే ఇప్పటికీ పిచ్చిక అంటాడు. నలభై రెండేళ్ళొచ్చాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది, అయినా అతనికి ఆమె పిచ్చికే. చిన్నప్పుడు రొట్టెముక్కను కొరక్కుండా పొడుచుకు తినేదట. ఆ పేరు పెట్టింది అతనే, ఇన్నేళ్ళుగా దాన్ని కాపాడుకొస్తున్నదీ అతనే.

ఆ శనివారం మధ్యాహ్నం పిచ్చిక అరవై ఒకటో నంబరు గొట్టాన్ని యంత్రంలో పెట్టి మూత వేసింది. తెర మీద అంకె నిలబడగానే ఆమె చెయ్యి కలం మీద ఆగిపోయింది. పొద్దుటి నుంచి చూసిన గొట్టాలన్నీ పన్నెండూ, పదిహేనూ, మహా అయితే ఇరవై. ఇది నలభై ఏడు. గొట్టం తీసి, బయట తడి తుడిచి, మళ్ళీ పెట్టింది. నలభై ఏడే. మూడోసారి నలభై ఆరున్నర.

అది మూడు వందలమంది పొగతాగేవాళ్ళ రక్తం మీద జరుగుతున్న పరిశోధన. అందులో సగంమంది నోటికో గొంతుకో క్యాన్సర్ వచ్చి అదే ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్ళు. మిగతా సగం ఏళ్ళ తరబడి తాగినా ఏమీ కానివాళ్ళు. పొగలోని విషం మీద ఒంట్లో పనిచేసే ఒక ఎంజైమ్ ఎవరిలో ఎంత చురుగ్గా ఉందో కొలవాలి. రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేయడం, వాటిని వెచ్చటి పెట్టెలో మూడురోజులు సాకడం, పొగలో ఉండేలాంటి మందు చుక్క వేసి ఎంజైమ్ ఎంత పనిచేసిందో యంత్రంలో వెలుగును బట్టి చదవడం, ఇదంతా పిచ్చిక పని. ఆమె చేతిమీద నడిచిన గొట్టాన్ని మళ్ళీ చేయమని ఎవరూ అనలేదు. ఆ అంకెలకు అర్థమేమిటని మాత్రం ఆమె ఎప్పుడూ అడగలేదు. గరిటెకు రుచితో పనేమిటి?

ఏ నంబరు ఎవరిదో ఆమెకు తెలియకూడదు. కానీ అరవై ఒకటి తెలుసు. రెండు వారాల క్రితం ఆ రక్తం తీసింది తనే. ఆసుపత్రి గేటు చూస్తేనే అవతలి వైపుకు దాటే అన్నయ్య, ఆ రోజు తనంతట తానే వచ్చాడు. "ఏమే పిచ్చికా, మీకు పొగరాయుళ్ళు దొరకడం లేదన్నావుగా? ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, పనికొస్తానా?" అని చొక్కా చెయ్యి మడిచాడు.

పొట్టలో ఎంజైములు భోజనాన్ని అరిగించినట్టు ఇది పొగను అరిగిస్తుంది కాబోలు అనుకుంది పిచ్చిక. అరిగించే శక్తి అందరికంటే అన్నయ్యకే ఎక్కువ. పద్దెనిమిదేళ్ళు ల్యాబులో పనిచేసిన మనిషి అలా అనుకోవచ్చా అంటే, అనుకోకూడదు. కానీ మనసుకు కావలసిన మాటను నమ్మడానికి చదువు అడ్డం రాదు. గొట్టాన్ని కడగడానికి వేస్తూ ఆమె చాలా రోజుల తర్వాత కూనిరాగం తీసింది.

మర్నాడు ఆదివారం సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

అతను పుస్తకాల బైండరు. ఆదివారం కూడా చేతులు ఊరుకోవు. కిటికీ దగ్గర బల్ల మీద ఎవరిదో పాత నిఘంటువు విప్పి, పాత జిగురును కత్తి మొనతో గీకుతున్నాడు. వదిన టీ, రొట్టె తెచ్చిపెట్టింది. అతను రొట్టెను టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, కుడిదవడ వైపు పెట్టుకున్నాడు.

"చూడమ్మా మీ అన్నయ్యను," అంది వదిన. "నెలల తరబడి ఇదే తంతు. పన్ను నొప్పంటారు. చూపించుకోండి అంటే నా పన్ను నా ఇష్టం అంటారు."

"పన్ను నాది కాక ఎదురింటివాళ్ళదా?" అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వుతూ లోపలికి వెళ్ళింది. అతను కత్తి కింద పెట్టాడు. నిఘంటువు అట్ట మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచాడు.

"అవునే, నా రక్తం సంగతి ఏమైంది? తేలిందా?"

"చెప్పకూడదన్నయ్యా. అక్కడ అదో నియమం."

"సరే, చెప్పకు." మళ్ళీ కత్తి తీసుకున్నాడు. రెండుసార్లు గీకాడు. మూడోసారి కత్తి జారి కాగితం చిరిగింది. తన అన్నయ్య చేతిలో కాగితం చిరగడం పిచ్చిక ఎన్నడూ చూడలేదు.

"బాగుందిలే," అనేసింది. "అందరికంటే నీకే ఎక్కువుంది."

"ఎక్కువుంటే?"

"ఒంట్లో పొగను అరిగించేదన్నయ్యా అది. మిగతావాళ్ళకి పదో పదిహేనో. నీకు నలభై ఏడు."

అతను ఆమెను తేరిపార చూశాడు. "అంటే నాకేం లేనట్టేనా?"

"నీ ఒళ్ళు గట్టిదని అర్థం."

"నువ్వే చూశావా? నీ కళ్ళతో?"

"మూడుసార్లు చూశాను."

అతను కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వంక చూస్తూ పెద్దగా ఊపిరి వదిలాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. వదిన గుమ్మంలోకి వచ్చి, "ఏమిటి ఆ సంబరం?" అంది. "మీ ఆడపడుచు నా నెత్తిన పాలు పోసిందే!" అంటూ అతను లేచి, అగ్గిపెట్టె తీసుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. కిటికీలోంచి అతని వీపు, భుజాల పైన లేస్తున్న పొగ కనిపించాయి. ఒక మంచిమాటతో మనిషికి ఇంత సంతోషం కలుగుతుందనుకుంటే అడక్కముందే చెప్పేదాన్నిగా అనుకుంది పిచ్చిక.

బుధవారం ఉదయం రక్తం తీసే కిటికీ దగ్గర ఒక ఆడమనిషి వరుసలో నిలబడింది. నంబరు చీటీ లేదు. తన వంతు వచ్చాక చెయ్యి చాపలేదు.

"బైండింగ్ షాపులో పనిచేసే ఆయన చెల్లెలివి నువ్వేనామ్మా?"

"నేనేనండీ."

"మా ఆయన అక్కడే కటింగ్ మాస్టరు. కాగితం కోసే మిషను ఆయనదే." ఆమె గొంతు తగ్గించింది, కానీ వెనకున్న ఇద్దరికీ వినపడుతూనే ఉంది. "డెబ్బై రెండు రోజులు సిగరెట్టు ముట్టలేదమ్మా ఆయన. రాత్రుళ్ళు నిద్రపట్టక కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. నా మీద గిన్నెలు విసిరాడు. పడ్డాను. మానేస్తే చాలనుకున్నాను. మొన్న సోమవారం నోట్లో సిగరెట్టుతో ఇంటికొచ్చాడు. ఇదేమిటయ్యా అంటే, 'బైండరు చెల్లెలు ఆసుపత్రిలో యంత్రంలో చూసి చెప్పిందట, కొందరి ఒళ్ళు పొగను అరిగించేసుకుంటుందట, ఇన్నేళ్ళు ఏమీ కాలేదంటే నాదీ అలాంటి ఒళ్ళే' అన్నాడు."

పిచ్చిక చేతిలో సూది మూత తీసి ఉంది. దాన్ని పక్కన పెట్టింది.

"నేను మీ ఆయన గురించి ఏమీ చెప్పలేదండీ."

"చెప్పలేదు. అదే అడుగుదామని వచ్చా. మీ అన్నకు ఉంటే మా ఆయనకూ ఉన్నట్టేనా? ఉందంటే నోరుమూసుకుని పోతాను. లేదంటే ఆ మాట ఆయనకి నువ్వే చెప్పు. నేను చెబితే గోడకు చెప్పినట్టే."

వెనక ఎవరో దగ్గారు. "కనుక్కుని చెబుతాను," అంది పిచ్చిక. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. కనుక్కోవలసింది ముందు కదా.

మధ్యాహ్నం పరిశోధన నడిపే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళింది. ఆవిడ భోజనం డబ్బా ముందు పెట్టుకుని కాగితాలు దిద్దుతోంది.

"మేడమ్, మనం కొలిచే అంకె ఎక్కువొస్తే మంచిదేగా?"

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి జరిపింది. ఇన్నేళ్ళలో పిచ్చిక ఒక గొట్టం గురించి కాకుండా దాని అర్థం గురించి అడగడం ఇదే మొదటిసారి. ఆవిడకు ముచ్చటేసినట్టుంది, కుర్చీ చూపించింది.

"పొగలో ఉన్న కొన్ని విషాలు అలాగే ఉంటే అంతగా హాని చేయవమ్మా. ఒళ్ళు వాటిని బయటికి పంపాలని చూస్తుంది. దానికి ముందు ఒక ఎంజైమ్ వాటి కట్లు విప్పుతుంది. అలా విప్పినప్పుడే అవి పదునెక్కుతాయి. ఒరలోంచి కత్తి తీసినట్టు. అప్పుడు రెండో రకం ఎంజైమ్ వచ్చి వాటిని మూటగట్టి గెంటెయ్యాలి. మొదటిది హుషారుగా విప్పేస్తూ, రెండోది మందకొడిగా ఉందనుకో, ఆ కత్తులన్నీ ఒంట్లోనే తిరుగుతాయి. నోరూ గొంతూ ముందు దెబ్బతింటాయి."

"మనం కొలిచేది?"

"మొదటిదే. ఎక్కువుంటే ముప్పు ఎక్కువేమోనని మన అనుమానం. అయితే అది గుంపు మీద తేలాల్సిన సంగతి. ఒక్క మనిషి అంకె చూసి అవుననీ కాదనీ అనలేం. అందుకే ఎవరికీ చెప్పొద్దన్నది. దాచుకోవాలని కాదు, దానికింకా అర్థం రాలేదని."

పిచ్చిక జరిగిందంతా చెప్పేసింది. కటింగ్ మాస్టరు భార్య సంగతి కూడా. డాక్టరమ్మ డబ్బా మూత పెట్టేసి, లేచి, బీరువాలోంచి అరవై ఒకటో ఫైలు తీసింది.

"నోటి పరీక్ష గడిలో టిక్కు ఉంది. సంతకం లేదు. నోరు ఎవరు చూశారు?"

పిచ్చిక తల వంచుకుంది.

అన్నయ్య రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజు పళ్ళ డాక్టరు వార్డుకు వెళ్ళాడు, అరగంట ఆగమన్నారు. అన్నయ్య బెంచీ మీద పది నిమిషాలు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి, "పనికి ఆలస్యమవుతోందే. నా నోటి సంగతి కొత్తగా చూడాలా, పుట్టిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నావుగా!" అని నవ్వించి వెళ్ళిపోయాడు. నోట్లో ఏమీ లేదని చూసి తేల్చినవాళ్ళ రక్తమే తీసుకోవాలి, గడి ఖాళీగా ఉంటే అది పనికిరాదని తనే టిక్కు పెట్టింది.

"నేనే పెట్టాను మేడమ్."

ఆవిడ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "రేపటి నుంచి ఈ పరిశోధన గొట్టాలు నువ్వు ముట్టుకోవద్దు. మామూలు రక్తపరీక్షలు చూసుకో. ముందు మీ అన్నయ్య నోరు చూపించు," అంది. పిచ్చిక తలుపు దాకా వెళ్ళాక, "తీసుకురా. నేనే చూస్తాను," అని మళ్ళీ అంది.

బైండింగ్ షాపులో కాగితం ఉంటుంది కాబట్టి లోపల అగ్గిపుల్ల గీయకూడదు. పొగతాగేవాళ్ళంతా వెనకవైపు ఇనుపమెట్ల మీద చేరతారు. గురువారం టీ వేళకు పిచ్చిక షాపు మధ్యలోంచి నడిచింది. ఒకపక్క ఆడవాళ్ళు అచ్చయిన ఫారాలు మడతపెట్టి బొంగు పుల్లతో అంచులు నొక్కుతున్నారు. ఇంకోపక్క కుట్టిన పుస్తకాలు బరువు కింద అణుగుతున్నాయి. కాగితం కోసే మిషను ఆగి ఉంది. దాని కింద తెల్లటి కత్తిరింపులు మోకాలెత్తున పడి ఉన్నాయి.

మెట్ల మీద ఐదుగురున్నారు. అన్నయ్య పై మెట్టు మీద కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. కింది మెట్టు మీద పలచటి మనిషి, రెండు వేళ్ళ మధ్య సిగరెట్టు. చెప్పకపోయినా కటింగ్ మాస్టరు అతనేనని తెలిసింది. నవ్వుతున్నా అతను సిగరెట్టు వంకే చూస్తున్నాడు.

"ఓహో, మా డాక్టరమ్మ వచ్చింది! జరగండ్రా, చోటివ్వండి," అన్నాడు అన్నయ్య.

పిచ్చిక కూర్చోలేదు. "అన్నయ్యా, నీకు చెప్పింది తప్పు," అంది. గొంతు సన్నగా వచ్చింది. గట్టిగా మళ్ళీ అంది. "నేను చెప్పింది తప్పు. అందరూ వినండి. ఆ యంత్రంలో అంకె పొగను అరిగించేది కాదు. పొగలోని విషాన్ని ఇంకా పదును చేసేది. నాకు తెలియక, తెలిసినట్టు చెప్పాను. అసలు పొగను అరిగించుకునే ఒళ్ళంటూ ఎవరికీ లేదు."

మడతలు పెట్టే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మరి మా తాత తొంభై ఏళ్ళు బతికాడమ్మా. పొద్దున లేస్తే చుట్టే."

"అదృష్టవంతుడు బాబాయ్. ఆయన ఆస్తి మీకు వచ్చిందేమోగానీ ఆ అదృష్టం వచ్చిందో లేదో ఎవరు చూశారు?"

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. పిచ్చిక కటింగ్ మాస్టరు వైపు తిరిగింది. "మీ ఇంటావిడ వచ్చారండీ. నా మాటవల్ల మీరు మళ్ళీ..."

"మీ మాటవల్ల కాదులెండి," అన్నాడతను. తీరిగ్గా, తనతో తనే అనుకుంటున్నట్టు. "డెబ్బై రెండు రోజులూ ఎవరైనా ఆ మాట అంటారా అని కాచుక్కూర్చున్నాను. మీరు అనకపోతే ఇంకొకరు అనేవాళ్ళు." సిగరెట్టును ఇసుక బకెట్లో గుచ్చి, లేచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మిషను కత్తి దిగిన చప్పుడు వినిపించింది.

అన్నయ్య మొహం పాలిపోయింది. పదిమందిలో చెల్లెలు తల దించుకునేలా చేసిందని కోపం వచ్చిందనుకుంది పిచ్చిక. అతను లేచి, జిగురు కాచే చిన్నగదిలోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. అతను కుంచె తీసుకుని ఒక పుస్తకం వెన్నుకు జిగురు రాశాడు. ఒకటి, రెండు, మూడు. కుంచె ఒకే చోట తిరుగుతోంది.

"తిట్టన్నయ్యా. తిట్టు, పడతాను. కానీ రేపు నాతో ఆసుపత్రికి రా. ఒక్కసారి నోరు చూపించు."

"తలుపు వెయ్యి," అన్నాడు.

ఆమె తలుపు వేసింది. అతను కుంచె డబ్బాలో పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నాలుకను చేతి గుడ్డతో పట్టుకుని కుడివైపుకు లాగాడు.

ఎడమ అంచున, వెనకగా, బొటనవేలి గోరంత తెల్లటి మచ్చ. దాని నడుమ ఎర్రటి గుంట. పిచ్చిక ఇన్నేళ్ళలో వేల గొట్టాలు చూసింది. ఆ గొట్టాల వెనకున్న నోళ్ళలో ఒక్కటి కూడా చూడలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు." నాలుక వదిలి మింగాడు. మింగడానికి కూడా కష్టపడ్డాడు. "ముందు పన్ను గీసుకుందనుకున్నా. ఆకురాయితో పన్ను నేనే అరగదీసుకున్నా. తగ్గలేదు."

"మరి రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు..."

"నీ పరిశోధన కోసం వచ్చాననుకున్నావా?" నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "చూపించుకుందామనే వచ్చానే. బెంచీ మీద కూర్చున్నాక కాళ్ళు ఆడలేదు. రక్తంలోనే తెలిసిపోతుందిలే, ఏమైనా ఉంటే పిచ్చిక మొహంలో కనపడుతుందిలే అనుకున్నా. నువ్వేమో నలభై ఏడన్నావు."

బయట ఎవరో అతన్ని పిలిచారు.

శుక్రవారం డాక్టరమ్మ స్వయంగా చూసి, మెడ కింద గ్రంథులు తడిమి, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వదినకు అప్పుడే చెప్పారు. ఆమె ఏడవలేదు. "పన్ను నాది కాక ఎదురింటివాళ్ళదా అన్నారు కదండీ," అని ఒక్కమాట అని, రొట్టె మెత్తగా నానబెట్టడానికి వెళ్ళింది. ఐదోరోజున రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. చిన్నదే, మెడలోకి పాకినట్టు లేదు, ఆ వైపు నాలుక కొంత తీసేస్తే సరిపోవచ్చు అన్నారు. ఇంకో ఆరునెలలు ఆగి వస్తే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే షాపు నుంచి కటింగ్ మాస్టరు, ఆయన భార్య, చుట్టతాత మనవడైన పెద్దాయన నోళ్ళు చూపించుకుని వెళ్ళారు. ముగ్గురికీ ఏమీ లేదు. కటింగ్ మాస్టరు మళ్ళీ మొదటిరోజు నుంచి లెక్కపెట్టుకుంటున్నాడని ఆయన భార్య చెప్పింది. గిన్నెలు మాత్రం దాచేసిందట.

ఆపరేషన్ సోమవారం పెట్టారు. ఆ ఉదయం పిచ్చిక మామూలు రక్తపరీక్షల పని ఒక గంట ఆలస్యంగా మొదలుపెడతానని చెప్పి వార్డుకు వెళ్ళింది. అన్నయ్య ఆసుపత్రి గౌనులో, వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గౌను మోకాళ్ళ దాకానే ఉంది. ఎప్పుడూ ప్యాంటు కింద దాగుండే అతని కాళ్ళు తెల్లగా, సన్నగా, వేరెవరివో అన్నట్టున్నాయి. వదిన కాగితాల మీద సంతకం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

పిచ్చిక అతనికి ఎదురుగా నిలబడింది. ఈ వారమంతా అనలేకపోయిన మాట ఇప్పుడు అంది. "నన్ను క్షమించన్నయ్యా. నాలుగురోజులు నిన్ను ఊరికే సంతోషపెట్టాను."

"నువ్వు పెట్టలేదే. నేనే కాజేశాను." అతని మాట అప్పటికే కాస్త ముద్దగా వస్తోంది. "డాక్టరు దగ్గరికి పోతే నిజం చెబుతారు. నీ దగ్గరికొస్తే మంచిమాట చెబుతావు. చిన్నప్పటి నుంచీ అంతేగా నువ్వు. అది తెలిసే నీ దగ్గరికొచ్చా. తప్పు సగం నాది."

నర్సు పేరు పిలవడానికి ఇంకా టైముంది. వరండా చివర ఎవరో తడిగుడ్డతో నేల తుడుస్తున్నారు.

"పిచ్చికా."

"ఊఁ."

"తర్వాత నేను మాట్లాడగలనా? ఇప్పట్లాగా?"

పిచ్చిక నోటిదాకా వచ్చింది మాట. మాట్లాడతావు, ఎందుకు మాట్లాడవు, నీ నోటిని ఆపగలిగిన వాళ్ళెవరు అని. అతను ఆమె కళ్ళలోకి చూస్తున్నాడు. ఆ మాట వచ్చేదాకా ఆగుతున్నాడని, వస్తే పట్టుకుని లోపలికి తీసుకుపోతాడని ఆమెకు తెలిసింది.

"తెలీదన్నయ్యా," అంది. "డాక్టరమ్మను అడిగాను. ఆవిడ కూడా ఇప్పుడే చెప్పలేనంది."

అతను తల ఒకసారి ఊపాడు. తర్వాత బెంచీ మీద కొంచెం జరిగి, ఆమె కూర్చోవడానికి చోటు చేశాడు.